పాత హెచ్‌డీ క్యామ్‌కార్డర్ పెళ్లి వీడియోను దువ్వెన గీతలు లేకుండా 50 ఫ్రేముల వీడియోగా మార్చడం ఎలా?

క్యాసెట్ మీద హెచ్‌డీ వీడియో రాసే హెచ్‌డీవీ ప్రమాణం 2003లో, ఎక్కువగా మెమరీ కార్డు మీద రాసే ఏవీసీహెచ్‌డీ ప్రమాణం 2006లో వచ్చాయి. ఆ తరువాతి సంవత్సరాలలో మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు చాలావరకు ఈ రెండు రకాల క్యామ్‌కార్డర్లలోనే రికార్డయ్యాయి. ఆ క్యాసెట్లను, మెమరీ కార్డులను ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే, మనుషులు నిలబడి ఉన్నంతసేపు బొమ్మ చక్కగానే ఉంటుంది. ఎవరైనా చెయ్యి ఊపగానే దాని అంచు వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు లేస్తాయి. టేపు పాడైందని, కెమెరా మంచిది కాదని చాలామంది అనుకుంటారు కానీ ఆ రెండూ నిజం కాదు. అది ఇంటర్‌లేస్డ్ వీడియో, దానిని నేటి తెరలకు తగినట్టు మార్చవలసిన పని మిగిలిపోయింది, అంతే. ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

అసలు సంగతి అర్థమైతే సెట్టింగులు బట్టీ పట్టనక్కరలేదు గనుక ముందు అది చూద్దాం. మన దేశంలో అమ్మిన క్యామ్‌కార్డర్లు 1080 50ఐ పద్ధతిలో రికార్డు చేస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి కానీ ఒక్కో ఫ్రేము ఒకే క్షణంలో తీసిన బొమ్మ కాదు. 1080 గీతలలో ఒకటి విడిచి ఒకటిగా 540 గీతలు ఒక క్షణానివి, మిగిలిన 540 గీతలు సెకనులో యాభయ్యో వంతు తరువాతి క్షణానివి. ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. పాత ట్యూబు టీవీ ఈ ఫీల్డులను ఒకదాని వెంట ఒకటిగా చూపించేది కాబట్టి కదలిక నునుపుగా కనిపించేది. నేటి ఎల్‌సీడీ తెర, ఫోను తెర గీతలన్నింటినీ ఒకేసారి చూపిస్తాయి. ఆ యాభయ్యో వంతులో చెయ్యి ఎంత దూరం కదిలిందో అంత వెడల్పున దువ్వెన పళ్లు లేస్తాయి.

కాబట్టి మీ దగ్గర ఉన్నది సెకనుకు 25 బొమ్మలు కాదు, 50 వేర్వేరు క్షణాలు. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీనినే గుర్తుపెట్టుకోండి. ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడాన్ని డీఇంటర్‌లేస్ అంటారు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ పేరుతో ఒక ఫీల్డును పారేసి, రెండో దానిని సాగదీసి, 25 ఫ్రేములు చేతిలో పెడతాయి. దానితో గీతలు పోతాయి కానీ కదలికలో సగం కూడా పోతుంది. తలంబ్రాలు పోసే దృశ్యాన్ని రెండు విధాలా మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. 50 ఫ్రేములలో బియ్యం జలజల రాలుతుంది, 25 ఫ్రేములలో అదే బియ్యం గంతులు వేసినట్టు పడుతుంది.

మొదటి పని: వీడియోను చెడకుండా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం

మీ కెమెరా ఏవీసీహెచ్‌డీ రకమైతే, కార్డులోనుంచి ఎంటీఎస్ అనే వీడియో ఫైళ్లను మాత్రమే ఏరుకోకుండా కార్డులోని ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోండి. ఆ కెమెరాలు ఒక పొడవైన షాట్‌ను 2 లేదా 4 గిగాబైట్ల దగ్గర ముక్కలు చేస్తాయి. ఏ ముక్క తరువాత ఏది రావాలనే సమాచారం పక్క ఫోల్డర్లలోని చిన్న ఫైళ్లలో ఉంటుంది. ముక్కలను ఎడిటింగ్‌లో విడివిడిగా అతికిస్తే అతుకు దగ్గర శబ్దం క్షణంపాటు తెగవచ్చు. మంగళసూత్రధారణ వేళ సన్నాయి జోరుగా సాగుతుండగా ఆ తెగు పడితే చెవికి స్పష్టంగా తెలుస్తుంది. కెమెరాతో ఇచ్చిన దిగుమతి సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఆ ముక్కలను సరిగ్గా కలిపి ఒకే ఫైలుగా ఇస్తుంది.

హెచ్‌డీవీ క్యాసెట్లయితే పని కొంచెం పెద్దది. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కంప్యూటర్ కావాలి. డెస్క్‌టాప్‌కైతే ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవచ్చు. కేబుల్ తగిలించే ముందే కెమెరా మెనూలో రెండు చోట్ల చూడండి. సోనీ కెమెరాలలో వీసీఆర్ హెచ్‌డీవీ/డీవీ అనే చోట హెచ్‌డీవీ ఎంచుకోవాలి, ఐలింక్ కన్వర్షన్ అనే చోట ఆఫ్ ఉండాలి. రెండోది ఆన్‌లో ఉంటే కెమెరా తన హెచ్‌డీ బొమ్మను తానే 720 బై 576 సైజుకు కుదించి పంపుతుంది, కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. మా ఇంటి క్యాసెట్లలో మూడింటిని నేను ఈ విధంగానే కుదించి దించుకుని, ఎడిటింగ్ సగమయ్యాక గమనించి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వచ్చింది. విండోస్‌లో హెచ్‌డీవీస్ప్లిట్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలు. హెచ్‌డీవీ వేగం సెకనుకు 25 మెగాబిట్లు కాబట్టి గంట టేపుకు దాదాపు 11 గిగాబైట్ల ఖాళీ ఉంచుకోండి. దించుకున్న ఫైలు ఎంత ఉందో చూసి ఊరుకోకుండా, అది 1440 బై 1080 అవునో కాదో తప్పక చూడండి.

టేపు మీద ఒకచోట రికార్డింగు చెడితే హెచ్‌డీవీలో దాదాపు అర సెకను బొమ్మ మొత్తం చెదురుతుంది. 50ఐ హెచ్‌డీవీలో 12 ఫ్రేములను ఒక గుంపుగా కుదిస్తారు, గుంపులో ఒకటి చెడితే మిగిలినవీ దెబ్బతింటాయి. అలాంటి చోటు ఎదురైతే, హెడ్ క్లీనింగ్ క్యాసెట్ వేసి, టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చి, ఆ భాగాన్ని మళ్లీ దించుకుని చూడండి. రెండోసారి చక్కగా వచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పెట్టెతో రికార్డు చేసుకోవడం సులువుగా కనిపిస్తుంది కానీ, అది బొమ్మను మళ్లీ కుదిస్తుంది, కొన్ని పెట్టెలైతే తమకు తోచినట్టు డీఇంటర్‌లేస్ కూడా చేసేస్తాయి. ఫైర్‌వైర్ దారి పూర్తిగా మూసుకుపోతే తప్ప అటు వెళ్లవద్దు.

రెండో పని: మీ చేతిలో ఉన్నది నిజంగా ఇంటర్‌లేస్డ్ అవునో కాదో తేల్చుకోవడం

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలును తెరవండి. స్కాన్ టైప్ అనే వరుసలో ఇంటర్‌లేస్డ్ అనో, అందులోనే ఒక రకమైన ఎంబాఫ్ (MBAFF) అనో ఉంటుంది, స్కాన్ ఆర్డర్ దగ్గర టాప్ ఫీల్డ్ ఫస్ట్ అని ఉంటుంది. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ రెండింటిలోనూ పై ఫీల్డే ముందు. పాత డీవీ క్యాసెట్లలో మాత్రం కింది ఫీల్డు ముందు. ఒకే కెమెరాలో రెండు రకాల టేపులూ తీసి ఉంటే ఈ తేడాను మరిచిపోకండి. ఫ్రేమ్ రేటు దగ్గర 25 అని చూసి, ఇది 25 ఫ్రేముల వీడియోనే కదా అని సరిపెట్టుకోవద్దు. అక్కడ లెక్కలోకి వచ్చేది ఫ్రేములే, ఫీల్డులు కావు.

అయితే మీడియాఇన్ఫో చెప్పేదే తుది మాట కాదు. కానన్ క్యామ్‌కార్డర్లలో పీఎఫ్25 అనే పద్ధతి ఉంది. అందులో తీసిన ప్రతి ఫ్రేమూ ఒకే క్షణానిది, కానీ దానిని ఇంటర్‌లేస్డ్ పెట్టెలో పెట్టి రాస్తారు కాబట్టి మీడియాఇన్ఫో దానిని ఇంటర్‌లేస్డ్ అనే అంటుంది. దానికి డీఇంటర్‌లేస్ చేస్తే లాభం ఏమీ లేకపోగా ఉన్న స్పష్టత పోతుంది. అందుకే కంటితో చూడాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫైలును తెరిచి, వీడియో మెనూలో డీఇంటర్‌లేస్‌ను ఆఫ్ చేయండి. ఆటోమేటిక్‌లో ఉంటే వీఎల్‌సీ గీతలను తానే దాచేస్తుంది. ఎవరైనా వేగంగా నడిచే చోట ఆపి, కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. కదిలే అంచుల మీద ప్రతి ఫ్రేములోనూ దువ్వెన పళ్లు కనిపిస్తే అది నిజమైన ఇంటర్‌లేస్డ్ వీడియో. ఎంత వెతికినా కనిపించకపోతే, ఫైలును ఉన్నది ఉన్నట్టుగా 25 ఫ్రేముల ప్రోగ్రెసివ్‌గా, అంటే ఒక్కో ఫ్రేము ఒకే క్షణానిదైన వీడియోగా వాడుకోండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరా అయితే అది 60ఐ పద్ధతిది. అక్కడ సెకనుకు 29.97 ఫ్రేములు, 59.94 ఫీల్డులు ఉంటాయి. దానిని 50కి కాకుండా 59.94కే మార్చాలి. అలాంటి వీడియోలో మన ట్యూబులైట్ల కింద తీసిన భాగాలలో బొమ్మ వెలుగు తగ్గుతూ పెరుగుతూ అదురుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఆ కెమెరా లయ 60ది కావడమే దానికి కారణం. డీఇంటర్‌లేస్ చేస్తే ఆ అదురు పోదు కాబట్టి దాని కోసం సెట్టింగులు మార్చుతూ సమయం వృథా చేయకండి.

మూడో పని: హ్యాండ్‌బ్రేక్‌లో మార్చడం

హ్యాండ్‌బ్రేక్ ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. మొదటి ప్రయత్నానికి మొత్తం ఫైలును పెట్టవద్దు. పైన రేంజ్ అనే చోట సెకన్లు ఎంచుకుని, కదలిక బాగా ఉన్న అర నిమిషం మాత్రమే ఇవ్వండి. ఊరేగింపు గానీ, తలంబ్రాలు గానీ, పిల్లలు పరుగెత్తే చోటు గానీ అయితే మంచిది.

డైమెన్షన్స్ పేజీలో క్రాపింగ్‌ను పూర్తిగా తీసేయండి, లేకపోతే చీకటిగా ఉన్న అంచులను అది తనంతట తాను కోసేయవచ్చు. హెచ్‌డీవీ ఫైలు 1440 బై 1080 అయినా చూపించవలసినది 1920 వెడల్పున. అందులోని ఒక్కో పిక్సెల్ అడ్డం దాని నిలువు కన్నా మూడో వంతు ఎక్కువగా ఉంటుంది, 1440ని 4తో హెచ్చించి 3తో భాగిస్తే 1920 వస్తుంది. పిక్సెల్ ఆకారాన్ని చూసుకునే అనామార్ఫిక్‌ను ఆటోమేటిక్‌లో వదిలితే ఆ సమాచారం ఫైలుతో పాటే వెళుతుంది. తరువాత వాడే ఎడిటర్ దానిని సరిగ్గా చదవక పెళ్లికూతురిని సన్నగా, పొడుగ్గా చూపిస్తే, అనామార్ఫిక్ ఆఫ్ చేసి వెడల్పును 1920గా ఇచ్చి మళ్లీ మార్చుకోండి.

అసలు పని ఫిల్టర్స్ పేజీలో ఉంటుంది. సినిమా నుంచి టీవీకి మార్చిన వీడియోల కోసం ఉన్న డీటెలిసిన్ ఆఫ్‌లో ఉండాలి. ఇంటర్‌లేస్ డిటెక్షన్ కూడా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే గీతలు కనిపించిన ఫ్రేములను మాత్రమే మార్చి, మిగిలిన వాటిని వదిలేస్తుంది, మనకు కావలసినది మాత్రం మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ఒకే తీరు. డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ ఎంచుకోండి, మీ పాత వెర్షన్‌లో అది లేకపోతే యాడిఫ్ తీసుకోండి. దాని పక్కన ప్రీసెట్‌లో బాబ్ ఎంచుకోవాలి. డీఫాల్ట్‌ను అలాగే వదిలితే 25 ఫ్రేములే వస్తాయి, బాబ్ అంటే ప్రతి ఫీల్డూ ఒక పూర్తి ఫ్రేము అవుతుంది. బీడబ్ల్యూడిఫ్‌లో సగం ఆలోచన యాడిఫ్‌ది, మిగిలిన సగం బీబీసీ పరిశోధన విభాగం కోసం మార్టిన్ వెస్టన్ రూపొందించిన మూడు ఫీల్డుల పద్ధతిది. వెనుక ఫీల్డును, ముందు ఫీల్డును చూసి మధ్య గీతలను ఊహించడం దాని కిటుకు. అందుకే అది వేగంగా పనిచేస్తూనే అంచులను బాగా నిలబెడుతుంది.

వీడియో పేజీలో ఎన్‌కోడర్‌గా హెచ్.264, ఫ్రేమ్ రేటుగా 50 ఎంచుకోండి, 60ఐ వీడియో అయితే 59.94 ఎంచుకోవాలి. దాని కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటు మీద గుర్తు పెట్టండి. అది వేరియబుల్‌లో ఉంటే కొన్ని ఎడిటర్లలో మాట, పెదవుల కదలిక చివరికి వచ్చేసరికి విడిపోతాయి. నాణ్యత దగ్గర ఆర్‌ఎఫ్ విలువను 16 నుంచి 18 మధ్య ఉంచండి, సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. దీనిని మళ్లీ ఎడిట్ చేయబోతున్నారు కాబట్టి ఇక్కడ పొదుపు వద్దు. వచ్చే ఫైలు అసలు ఫైలు కన్నా పెద్దదైనా ఆశ్చర్యపోకండి. ఆడియోను ఏఏసీ 256 కిలోబిట్లు, 48 కిలోహెర్ట్జ్‌గా ఇవ్వండి. హెచ్‌డీవీలోని ఎంపెగ్ ఆడియోను గానీ, ఏవీసీహెచ్‌డీలోని డాల్బీ ఆడియోను గానీ కొన్ని ఉచిత ఎడిటర్లు తెరవలేవు, ఏఏసీతో ఆ చిక్కు చాలావరకు ఉండదు.

అర నిమిషం ముక్క తయారయ్యాక చూడండి. దువ్వెన పళ్లు లేకుండా ఉండి, కదిలే మనిషి మాత్రం రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తున్నట్టు అదిరితే, ఫీల్డుల వరుస తారుమారైందని అర్థం. ఫైలు మీద ఉన్న గుర్తు తప్పైనప్పుడు ఇలా జరుగుతుంది, పక్క ఎడిటర్‌లో ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చిన ఫైళ్లలో ఇది ఎక్కువ. కెమెరా నుంచి నేరుగా తెచ్చిన ఫైలుకు తిరిగి వెళ్లడమే దానికి మంచి పరిష్కారం.

పట్టుచీర జరీ అంచు అనే పరీక్ష

మనుషుల ముఖాలను చూసి డీఇంటర్‌లేస్ నాణ్యతను నిర్ణయించకండి, ముఖాలు ఏ పద్ధతిలోనైనా బాగానే వస్తాయి. చీర జరీ అంచులోని సన్నని గీతలను, పందిరి తడికలను, మంటపం మెట్ల అంచులను చూడండి. పక్క ఫీల్డులను చూడకుండా ఒక్కో ఫీల్డును సాగదీసే మామూలు బాబ్ పద్ధతిలో ఒక ఫీల్డులో ఉన్న గీత రెండో దానిలో లేకపోవడం వల్ల ఈ చోట్లలో సన్నని మెరుపు, అదురు మిగులుతాయి. బీడబ్ల్యూడిఫ్ దీనిని చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయలేదు.

దీనితో మీకు తృప్తి కలగకపోతే క్యూటీజీఎంసీ అనే పద్ధతికి వెళ్లండి. అది చుట్టుపక్కల ఎన్నో ఫ్రేములలోని కదలికను వెతికి పట్టి, పోయిన గీతలను తిరిగి కడుతుంది. హైబ్రిడ్, స్టాక్స్‌రిప్ అనే ఉచిత ప్రోగ్రాములలో అది సిద్ధంగా దొరుకుతుంది. అక్కడ కూడా ఫీల్డుల వరుసను టాప్ ఫస్ట్‌గా, ఫలితాన్ని 50 ఫ్రేములుగా ఇచ్చి, స్లో అనే ప్రీసెట్‌తో మొదలుపెట్టండి. సాధారణ కంప్యూటర్ మీద గంట వీడియోకు చాలా గంటలు పడుతుంది, రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయడం మేలు. నిలకడగా ఉన్న దృశ్యాలలో దాని ఫలితం నిజంగా అందంగా ఉంటుంది, జరీ అంచు కదలకుండా నిలుస్తుంది. అయితే అది అదురుతో పాటు సన్నని గరుకుదనాన్ని కూడా నునుపు చేస్తుంది. తలంబ్రాల బియ్యపు గింజల వంటి చిన్నవి, వేగంగా పడేవి కొన్నిచోట్ల మసకబారుతాయి. నేను ఎక్కువసేపు సాగే మంటపం దృశ్యాలకు క్యూటీజీఎంసీ, హడావుడిగా తిరిగే ఊరేగింపుకు, తలంబ్రాలకు బీడబ్ల్యూడిఫ్ వాడతాను. రెండింటినీ ఒకే టైమ్‌లైన్‌లో కలిపినా చూసేవారికి తేడా తెలియదు.

నాలుగో పని: ఎడిటింగ్

విండోస్, మ్యాక్‌లలో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటర్ ఉచిత వెర్షన్ ఇందుకు సరిపోతుంది. ఫైళ్లను లోపలికి తెచ్చే ముందే ప్రాజెక్ట్ సెట్టింగులలో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటును 50 చేయండి, ఒకసారి ఫైళ్లు లోపలికి వచ్చాక రిజాల్వ్ దానిని మార్చనివ్వదు. ఇంటర్‌లేస్ ప్రాసెసింగ్ మీద గుర్తు ఉండకూడదు. మీరు తెస్తున్నవి ఇప్పటికే ప్రోగ్రెసివ్ ఫైళ్లు, వాటిని రెండోసారి డీఇంటర్‌లేస్ చేస్తే నిలువు స్పష్టత అనవసరంగా పోతుంది.

అడోబ్ ప్రీమియర్ వాడేవారు కెమెరా ఫైలునే నేరుగా టైమ్‌లైన్‌లో వేసి, ఫీల్డ్ ఆప్షన్స్‌లో ఆల్వేస్ డీఇంటర్‌లేస్ నొక్కడం అలవాటు చేసుకుంటారు. అది ఒక ఫీల్డును పారేసి, మిగిలిన దాని గీతల మధ్య కొత్త గీతలు పూరిస్తుంది. తొందరపాటు పనికి చాలుతుందేమో కానీ, మళ్లీ రాని పెళ్లి వీడియోకు ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను. ముందే మార్చుకున్న 50 ఫ్రేముల ఫైలును 50 ఫ్రేముల సీక్వెన్స్‌లో వేయండి.

ఈ వరుసను ఎట్టి పరిస్థితిలోనూ తారుమారు చేయవద్దు: మొదట డీఇంటర్‌లేస్, ఆ తరువాతే సైజు మార్చడం, వంపు సరిచేయడం, అదురు తగ్గించే స్టెబిలైజేషన్, వేగం మార్చడం. ఇంటర్‌లేస్డ్ బొమ్మను ముందే 720కి కుదించినా, రెండు డిగ్రీలు తిప్పినా, రెండు క్షణాల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తరువాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. ఎవరైనా స్టూడియోలో ఎడిట్ చేయించి ఇచ్చిన పాత డిస్కులలో కనిపించే ముద్దముద్దగా ఉన్న గీతలకు చాలాసార్లు ఇదే కారణం.

50 ఫ్రేములు చేతిలో ఉండడం వల్ల ఒక అదనపు వరం కూడా ఉంది. 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద ఆ ముక్కను వేసి వేగం సగం చేస్తే, కల్పించిన ఫ్రేము ఒక్కటీ లేకుండా నిజమైన స్లో మోషన్ వస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని అలా నెమ్మదిగా చూపించడానికి పదిహేనేళ్ల నాటి కెమెరా కూడా చాలు.

ఐదో పని: బయటికి తీయడం

హెచ్.264, 1920 బై 1080, 50 ఫ్రేములు, ప్రోగ్రెసివ్. ఎక్స్‌పోర్ట్ పేజీలో ఫీల్డులకు సంబంధించిన ఏ గడిలోనూ గుర్తు ఉండకూడదు. యూట్యూబ్ తన సూచనలలో 1080 60ఐ వీడియోను 30 ఫ్రేములకు మార్చి పంపమని చెబుతుంది కానీ, అది 2014 నుంచి 50, 60 ఫ్రేములను కూడా చూపిస్తోంది కాబట్టి పూర్తి కదలికను పంపడమే మేలని నా అభిప్రాయం. అక్కడ చూసేవారు నాణ్యతను 720 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెట్టుకుంటేనే ఆ 50 ఫ్రేములు కనిపిస్తాయని బంధువులకు ముందే చెప్పండి.

పూర్తయిన ఫైలును కంప్యూటర్ మీద మాత్రమే చూసి సరేననుకోకండి. పెన్‌డ్రైవ్‌లో వేసి హాలులోని టీవీ మీద పెట్టి, చివరి ఐదు నిమిషాలలో మంత్రాలు, పురోహితుని పెదవులు కలిసే ఉన్నాయా అని, కెమెరా అడ్డంగా తిరిగే చోట బొమ్మ తెగకుండా జరుగుతోందా అని చూడండి. కెమెరా నుంచి తెచ్చిన ఎంటీఎస్ ఫైళ్లను, హెచ్‌డీవీ క్యాసెట్ల నుంచి దించుకున్న ఎం2టీ ఫైళ్లను మాత్రం చెరిపేయకుండా రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులలో దాచండి. డీఇంటర్‌లేస్ పద్ధతులు ఏటేటా మెరుగవుతున్నాయి, ఆ 50 ఫీల్డులు చెక్కుచెదరకుండా ఉన్నది ఆ ఫైళ్లలో మాత్రమే.